పాత ఫియట్ ఫ్లోర్ తుప్పు పట్టిందా? గ్రైండర్ పట్టే ముందు ఇది చూడండి

[తెర మీద: చెన్నైలో ఒక టింకరింగ్ షెడ్డు. స్టాండ్ల మీద ప్రీమియర్ పద్మిని. ముందు సీట్లు, మ్యాట్లు తీసేసి ఉన్నాయి.]

నమస్కారమండీ. ఈ బండి పెయింటు చూస్తే ఇంకో పదేళ్లు ఢోకా లేదనిపిస్తుంది. ఒక్కసారి లోపలికి రండి.

[క్లోజప్: క్లచ్ పెడల్ కింద ఫ్లోర్. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కితే రేకు పెళుక్కున విరిగి, కింద షెడ్డు నేల కనిపిస్తుంది.]

చూశారా, అప్పడంలా విరిగింది. పైన నల్లటి తారు పూత, దాని కింద పొరలు పొరలుగా లేచిన తుప్పు. అసలు రేకు మిగల్లేదు. ఇన్నాళ్లూ ఆ తారు పూతే దీన్ని పట్టుకుని ఉంది.

ఇలాంటి చోట రేకు ముక్క పెట్టి రివెట్లు కొట్టేస్తారు, లేదంటే ఫైబర్ గ్లాస్ పూసేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. ఈ పద్మిని మన దేశంలో తయారైన ఫియట్ 1100 యే. దీనికి విడిగా చాసిస్, అంటే కింద బరువు మోసే ఇనుప చట్రం, లేదు. 1953లో ఇటలీలో వచ్చిన 1100/103 నుంచీ ఇది మోనోకాక్ బాడీయే. ఫ్లోర్, తలుపుల కింద ఉండే సిల్, పిల్లర్లు, టాప్ అన్నీ కలిసి బరువు మోస్తాయి. అంబాసిడర్‌దీ అదే పద్ధతి. మన మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ సంగతి వేరు, దానికి కింద విడిగా చాసిస్ ఉంటుంది. ఫియట్‌లో ఫ్లోర్ పోయిందంటే బండి ఎముకల్లో ఒకటి పోయినట్టే.

[తెర మీద: ముందు అద్దం చుట్టూ రబ్బర్ బీడింగ్. పైపుతో నీళ్లు పోస్తారు. డాష్‌బోర్డ్ కింద నుంచి సన్నని ధార.]

తుప్పు ఎక్కువగా పైనుంచే మొదలవుతుంది. ఎండిపోయిన బీడింగ్, మూసుకుపోయిన డ్రెయిన్ రంధ్రాలు, పెడళ్ల దగ్గర చిరిగిన రబ్బర్లు, వీటిలోంచి వాన నీరు దిగుతుంది. మ్యాట్ కింద జనపనార ఫెల్ట్ ఆ తడిని పీల్చుకుని వారాల తరబడి వదలదు. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు ఉండేవాళ్లకి సముద్రపు ఉప్పుగాలి అదనం. కాబట్టి ముందు ఈ లీకు ఆపాలి. లేకపోతే కొత్త రేకుకీ అదే గతి.

[తెర మీద: తలుపు సందులో అడ్డంగా, ఏటవాలుగా చదరపు పైపులు. మేస్త్రి టేపు పట్టి కొలుస్తున్నారు.]

నా దృష్టిలో ఈ పనంతటిలో ముఖ్యమైన ఘట్టం ఇదే. ఇంకా ఏమీ కోయలేదు. తలుపుల చుట్టూ గ్యాప్ కొలిచి కాగితం మీద రాశారు. తర్వాత తలుపు విప్పి, బాడీ కుంగకుండా ముందు పిల్లర్ నుంచి వెనక పిల్లర్‌కి పైపులు ట్యాక్ చేశారు, అంటే తాత్కాలికంగా చిన్న వెల్డింగ్ చుక్కలతో అతికించారు. ఆ సందులో మూల నుంచి మూలకి రెండు ఏటవాలు కొలతలూ తీశారు. కోసేటప్పుడు బాడీ ఒక్క నాలుగు మిల్లీమీటర్లు కుంగినా, కొత్త ఫ్లోర్ ఆ వంకరలోనే అతుక్కుపోతుంది. ఆ తర్వాత తలుపు ఇక సరిగ్గా పడదు.

"అన్నా, రెండు వైపులా ఒకేసారి కోసేస్తే పని తొందరగా అవుతుంది కదా?" అని అడిగితే మేస్త్రి గారు తల అడ్డంగా ఊపారు. "ఒక పక్క పూర్తిగా వెల్డింగ్ అయ్యాకే రెండో పక్క ముట్టుకుంటాను" అన్నారు. మీ షెడ్డులోనూ ఇదే మాట అడిగి చూడండి.

కోసే ముందు బ్యాటరీ తీసేయాలి. పెట్రోల్ ట్యాంకు దించాలి. పెట్రోల్ లైను, బ్రేక్ పైపు ఫ్లోర్ కిందుగానే వెళ్తాయి, వాటినీ పక్కకు తప్పించాలి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉండాలి.

ఇక రేకు. చెన్నైలో పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో, పాత బండి నుంచి కోసిన ఫ్లోర్ దొరకొచ్చు. కానీ దాన్నీ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాకే డబ్బులివ్వండి. దొరక్కపోతే 18 గేజ్, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం సీఆర్ షీట్‌తో (జింకు పూత లేని మామూలు కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు) చేయించుకోవచ్చు. ముందు అట్టతో నమూనా కోసుకోవాలి. పాత ఫ్లోర్‌లో ఉబ్బెత్తు గీతలుంటాయి, అవి అందానికి పెట్టినవి కావు. రేకుకి బిగువు వాటివల్లే వస్తుంది. అవి లేకుండా చదునుగా వేస్తే రోడ్డు మీద డబడబా మోగుతుంది. జింకు పూత ఉండే జీఐ షీట్ మాత్రం వద్దు. వెల్డింగ్ వేడికి జింకు కాలి వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

[క్లోజప్: కొత్త రేకు అంచున వరుసగా రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో వెల్డింగ్ చుక్క.]

పాత రేకుని తుప్పు దాటి, తెల్లగా మెరిసే ఇనుము వచ్చేదాకా కోశారు. కొత్త రేకు అంచుని దాని మీదికి కాస్త ఎక్కించి, రంధ్రాల్లోంచి వెల్డ్ నింపుతున్నారు. ఇది మిగ్ మెషిన్, షెడ్డుల్లో సీఓటూ వెల్డింగ్ అంటారు. గ్యాస్ వెల్డింగ్‌తో వేడి ఎక్కువ మేర పాకి పల్చటి రేకు వంకర్లు పోతుంది. మిగ్‌తోనైనా ఒకే వరుసలో లాగకూడదు. ఇక్కడొక చుక్క, ఆ చివర ఒక చుక్క వేసుకుంటూ, మధ్యలో చల్లారనివ్వాలి.

అయ్యాక గ్రైండింగ్, ఎపాక్సీ ప్రైమర్, అతుకుల మీద సీలర్, కింద అండర్‌బాడీ కోటింగ్, ఇదే వరుస. సిల్ లోపలికి వ్యాక్స్ స్ప్రే చేయించడం మర్చిపోకండి, అక్కడికి బ్రష్ చేరదు. డ్రెయిన్ రంధ్రాలకి కోటింగ్ అడ్డుపడకుండా చూడండి.

[తెర మీద: కొత్త ఫ్లోర్. మళ్లీ అద్దం మీద నీళ్ల పైపు.]

మ్యాట్ వెంటనే పరవకండి. ఇలా నీళ్లు కొట్టి, మర్నాడు చేత్తో తడిమి, పొడిగా ఉంటేనే పరవండి. పాత జనపనార ఫెల్ట్ బదులు నీరు పీల్చని ఫోమ్ షీట్ వేయించండి.