పారిపోవడం తెలియని పక్షి

మిత్రులారా,

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో గఫ్ అనే దీవి ఉంది. 65 చదరపు కిలోమీటర్ల బ్రిటిష్ భూభాగం. దక్షిణాఫ్రికా నడిపే వాతావరణ కేంద్రం సిబ్బంది తప్ప అక్కడ మనుషులుండరు. రెక్కలు చాస్తే మూడు మీటర్లుండే ట్రిస్టన్ ఆల్బట్రాస్ దాదాపుగా ఈ ఒక్క దీవి మీదే గూడు కడుతుంది. త్వరలోనే అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న పక్షుల్లో ఇదొకటి.

దీని ఉసురు తీస్తున్నది మామూలు చిట్టెలుక. 19వ శతాబ్దంలో సీల్ అనే సముద్ర జంతువులను వేటాడేవాళ్ల ఓడల్లో వచ్చి దీవి మీద దిగింది. చలికాలంలో తిండి దొరక్క ఆల్బట్రాస్ పిల్లల మీద పడింది. తల్లిదండ్రులు మేత కోసం సముద్రం మీదికి వెళ్తే పిల్ల నెలల తరబడి గూట్లో ఒంటరిగా ఉంటుంది. రాత్రిపూట ఎలుకలు గుంపుగా దాని వీపు మీదికెక్కి, బతికుండగానే కొరుక్కు తింటాయి. పిల్ల వాటికన్నా వందల రెట్లు బరువుంటుంది. అయినా ముక్కుతో పొడవదు, లేచి పోదు. నేల మీద తిరిగే శత్రువే లేని చోట తరతరాలుగా పెరిగిన జాతి అది. ఎదిరించడం దానికి తెలియదు. మేతతో తిరిగొచ్చిన తల్లి కూడా ఆ గాయాన్ని పట్టించుకోదు. ఎప్పటిలాగే నోట్లో మేత పెడుతుంది. రాత్రి కెమెరాలు పెట్టేదాకా ఈ ఘోరం ఎవరి కంటా పడలేదు.

రెండేళ్లకు ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఇది. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల మళ్లీ తానే గూడు కట్టడానికి పదేళ్లదాకా పడుతుంది. పోయిన పిల్లల లోటు పూడేదెప్పుడు?

2021లో హెలికాప్టర్లతో దీవంతా విషపు ఎర చల్లారు. ఆ దీవికే చెందిన రెండు పక్షి జాతుల్లో కొన్నిటిని ముందే పట్టి, ఎర తినకుండా పంజరాల్లో కాపాడారు. అంత శ్రమ పడ్డా, ఆ ఏడాది డిసెంబరులో కెమెరా ముందు ఒక ఎలుక కనబడింది. బతికినవి కొన్నే అయినా వాటి సంతతి దీవిని మళ్లీ నింపేస్తుంది.

ఇక వదిలేయడమే మేలన్న వాదనను నేను ఒప్పుకోను. న్యూజిలాండ్ తన ఆంటిపొడీస్ దీవిలో ఇదే పద్ధతితో ఎలుకలను పూర్తిగా తుడిచిపెట్టి, 2018లో ఆ విషయం ప్రకటించింది. పద్ధతి పనిచేస్తుంది. గఫ్‌లో ఎక్కడ లోపం జరిగిందో తేల్చుకుని మళ్లీ పూనుకోవాలి. ఎలుకలు తెచ్చింది మనుషులే కనుక ఈ బాధ్యత మనుషులదే.

సముద్రం మీద మరో చావు కాచుకుని ఉంది. పొడవాటి తాళ్లకు వేల గాలాలు కట్టి చేపలు పట్టే ఓడల వెనక ఎరకు ఆశపడి ఆల్బట్రాస్‌లు గాలానికి చిక్కుకుని మునిగిపోతాయి. దీనికి విరుగుడు ఏనాడో తెలుసు: రాత్రిపూట గాలాలు వేయడం, త్వరగా మునిగేలా బరువులు కట్టడం, పక్షులను బెదరగొట్టే రంగు పేలికల తాడు ఓడ వెనక లాగడం. దీవిని శుభ్రం చేయడానికి ఏళ్లు పట్టవచ్చు. ఆ తాడును మాత్రం ఓడ తర్వాతి ప్రయాణంలోనే కట్టవచ్చు.