ఐదో పేజీలో ఏడు లక్షల మంది

వేదిక మీది పెద్దలకు, జర్నలిజం విద్యార్థులకు నమస్కారం.

యూదుల మీద జరిగిన దారుణాల గురించి మాట్లాడమంటే చాలామంది హిట్లర్ దగ్గర మొదలుపెడతారు. నేను డెస్క్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక పేపరు పేజీ దగ్గర మొదలుపెడతాను. 1942 జూన్ 25, లండన్ నుంచి వచ్చే డైలీ టెలిగ్రాఫ్. పోలండ్‌లో జర్మన్లు ఏడు లక్షల మంది యూదుల్ని చంపేశారన్నది హెడ్డింగు. ఊరూరా తిరిగే బండ్లలోకి జనాన్ని ఎక్కించి విషవాయువుతో చంపుతున్నారని కింద రాశారు. ఇది వచ్చింది ఐదో పేజీలో.

పేజీ నంబరు కూడా వార్తలో భాగమే. అది ఎంత పెద్ద వార్తో, ఎంతవరకు నమ్మవచ్చో హెడ్డింగు చదవకముందే పేజీ పాఠకుడికి చెప్పేస్తుంది. యుద్ధం అయిపోయాక లండన్‌లో, న్యూయార్క్‌లో చాలామంది "మాకేం తెలుసు, తెలిస్తే ఊరుకునేవాళ్లమా" అన్నారు. పాత పేపర్ల ఫైళ్లు తిరగేస్తే ఆ మాట నిలబడదు. వార్త వచ్చింది, అంకెలతో, ఊళ్ల పేర్లతో సహా వచ్చింది. కాకపోతే నమ్మనక్కర్లేని వార్తలా వచ్చింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఆ ఐదో పేజీ వార్త లండన్ దాకా ఎలా చేరిందో చూడండి. వార్సా ఘెట్టోలో, అంటే నగరంలో గోడ కట్టి యూదుల్ని కుక్కిన వాడలో, ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లమ్ అనే చరిత్రకారుడు ఉండేవాడు. చుట్టూ ఆకలి చావులు, టైఫస్. అలాంటి చోట ఆయన కొంతమందిని కూడగట్టి రహస్యంగా ఒక సంఘం నడిపాడు. రేషన్ కార్డులు, బడిపిల్లల వ్యాసాలు, రహస్యంగా అచ్చయిన ఘెట్టో పత్రికలు, చివరికి మిఠాయి కాగితాలతో సహా, ఏది దొరికితే అది దాచారు. తప్పించుకుని వచ్చినవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. 1941 డిసెంబర్‌లో పోలండ్‌లోని ఖెల్మ్నో అనే పల్లె దగ్గర గ్యాస్ బండ్లతో హత్యలు మొదలయ్యాయి. అక్కడ శవాలు పూడ్చే పనికి పెట్టిన ఖైదీ ఒకడు తప్పించుకుని వార్సా చేరాడు. అతను చెప్పిందంతా వీళ్లు నమోదు చేశారు.

ఇలా పోగైన సమాచారంతో బుంద్ అనే యూదు కార్మిక పార్టీ 1942 మేలో ఒక నివేదిక రాసి దొంగదారిన లండన్‌కు పంపింది. ఏ ఊళ్లో ఎంతమందిని చంపారు, ఏ నెలలో చంపారు, బండిలోకి ఒకసారి తొంభై మందిని ఎక్కించేవారు అన్నంత వివరం అందులో ఉంది. లండన్‌లో ప్రవాసంలో ఉన్న పోలండ్ ప్రభుత్వపు జాతీయ మండలిలో బుంద్ తరఫున ష్ముల్ జీగెల్‌బోయ్మ్ సభ్యుడు. నివేదిక ఆయన చేతికందింది. ఆయన ద్వారానే టెలిగ్రాఫ్‌కు, బీబీసీకి వెళ్లింది.

జూన్ 26న ఉదయం బీబీసీ ఈ సంగతి ప్రసారం చేసింది. వార్సాలో రింగెల్‌బ్లమ్ చెవిన పడింది. మా సంఘానికి ఇది గొప్ప రోజు, మేం పడ్డ శ్రమ వృథా పోలేదు అన్న అర్థం వచ్చేలా ఆ రోజు డైరీలో రాసుకున్నాడు. ప్రపంచానికి తెలిసిపోయింది, ఇక ఏదో ఒకటి చేస్తారని ఆశపడ్డాడు. నెల తిరక్కుండానే, జులై 22న, వార్సా నుంచి ట్రెబ్లింకా అనే హత్యా శిబిరానికి రైళ్లు బయల్దేరాయి. రెండు నెలల్లోపు రెండున్నర లక్షల మందికి పైగా వాటిలో వెళ్లారు. ఆ సంఘం పోగుచేసిన కాగితాల్లో కొన్ని రేకు పెట్టెల్లో, కొన్ని పాల క్యాన్లలో పెట్టి నేలలో పూడ్చారు. యుద్ధం అయ్యాక 1946లో ఒక వాటా, 1950లో మరో వాటా తవ్వి తీశారు. రింగెల్‌బ్లమ్‌ను మాత్రం 1944 మార్చిలోనే చంపేశారు.

అసలు ఐదో పేజీలో ఎందుకు వేశారన్నది మన వృత్తికి సంబంధించిన ప్రశ్న కనుక కాస్త నిదానంగా చూద్దాం.

యూదుల వార్తలు ఎప్పుడూ లోపలి పేజీల్లోనే వచ్చాయనుకోవద్దు. 1938 నవంబర్ 9, 10 తేదీల్లో జర్మనీ అంతటా ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, దుకాణాలు పగలగొట్టి, ముప్పై వేల మంది యూదు మగవాళ్లను క్యాంపులకు పట్టుకుపోయారు. అప్పుడు న్యూయార్క్ టైమ్స్ ఫస్ట్ పేజీలో పెద్దగా వేసింది, అమెరికాలో ఊరూరి పేపర్లు వేశాయి. ఎందుకంటే బెర్లిన్ వీధుల్లో విదేశీ విలేకరులున్నారు. అద్దాలు పగులుతుంటే కళ్లారా చూసి, హోటల్‌కు వెళ్లి కాపీ పంపారు. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఇరవయ్యో శతాబ్దంలో ఇలాంటివి జరుగుతాయంటే నమ్మలేకపోతున్నానని విలేకరుల సమావేశంలో అన్నాడు, రాయబారిని వెనక్కి పిలిపించాడు. వలస కోటా మాత్రం పెంచలేదు. మరుసటి ఏడాది ఇరవై వేల మంది పిల్లల్ని అదనంగా రానిద్దామన్న బిల్లు కూడా అమెరికన్ కాంగ్రెస్‌లో ముందుకు సాగలేదు. ఫస్ట్ పేజీలో వేస్తే చాలు, లోకం కదిలిపోతుందని నేననను.

మన దేశంలోనూ దీని మీద చర్చ జరిగింది. గాంధీజీ 1938 నవంబర్ 26 హరిజన్ సంచికలో యూదుల గురించి వ్యాసం రాశారు. నా సానుభూతి అంతా యూదులతోనే అంటూనే, జర్మనీ యూదులు సత్యాగ్రహం చేయాలన్నారు. తత్వవేత్త మార్టిన్ బూబర్ జెరూసలేం నుంచి దీనికి సుదీర్ఘమైన లేఖ రాశాడు. సత్యాగ్రహం చేసేవాణ్ణి చూసే కళ్లు ఉండాలి కదా, ఎవరూ చూడని చోట బలైపోతే దాన్ని సాక్ష్యం అనగలమా అని అందులో అడిగాడు. నా మటుకు ఇందులో బూబర్ వైపే న్యాయం కనిపిస్తుంది. మన సత్యాగ్రహాల వెనక పత్రికలున్నాయి. దండి దగ్గర విలేకరులున్నారు, ధరాసనలో లాఠీ దెబ్బలు లెక్కపెట్టి ప్రపంచానికి పంపిన అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్ ఉన్నాడు. ఖెల్మ్నోలో ఎవరూ లేరు.

నిజంగానే ఎవరూ లేరు. 1941 డిసెంబర్ రెండో వారంలో జర్మనీ అమెరికాపై యుద్ధం ప్రకటించి అమెరికన్ విలేకరుల్ని నిర్బంధించింది. గ్యాస్ బండ్లు మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. అప్పటినుంచి ఈ వార్త పేపర్లకు చేరే దారులు రెండే మిగిలాయి: ప్రవాస ప్రభుత్వాలు, యూదు సంఘాలు. డెస్క్ వాళ్ల కంటికి ఇద్దరూ "సంబంధం ఉన్న పక్షాలే". బాధితుడు చెప్తే "ఆరోపించారు" అని, ప్రభుత్వం చెప్తే "తెలిపారు" అని రాయడం మన డెస్కుల్లో ఈ రోజుకీ ఉన్నదే. చేయి అలవాటు కొద్దీ రాసేస్తుంది.

రెండో కారణం ఇంకా చేదుది. 1916 మార్చిలో ఇదే డైలీ టెలిగ్రాఫ్ ఒక వార్త వేసింది. ఆస్ట్రియా, బల్గేరియా సైన్యాలు సెర్బియాలో ఏడు లక్షల మందిని చంపాయని, ఊపిరాడకుండా చేసే గ్యాస్ వాడాయని. పేపరు అదే, అంకె అదే, గ్యాస్ కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇలాంటివి చాలా వచ్చాయి. జర్మన్లు శవాల నుంచి కొవ్వు తీసే ఫ్యాక్టరీ పెట్టారని 1917లో బ్రిటిష్ పేపర్లు రాశాయి. అదంతా కల్పనేనని 1925లో విదేశాంగ మంత్రి ఆస్టెన్ చాంబర్లిన్ పార్లమెంటులోనే ఒప్పుకోవాల్సి వచ్చింది. 1942లో డెస్క్‌లో కూర్చున్న సీనియర్లు ఆ రోజుల్లో కుర్రాళ్లు. మళ్లీ మోసపోకూడదనుకున్నారు. ఒక తరం జర్నలిస్టులు వండిన అబద్ధాల బాకీ వాటితో ఏ సంబంధమూ లేని మనుషులు తీర్చారు.

ఇక ప్రభుత్వాలు. 1942 ఆగస్టు 8న జెనీవాలో ప్రపంచ యూదు కాంగ్రెస్ ప్రతినిధి గెర్‌హార్ట్ రీగ్నర్, యూరప్ యూదులందర్నీ తుడిచిపెట్టే పథకం హిట్లర్ దగ్గర ఉందని టెలిగ్రామ్ ఇచ్చాడు. న్యూయార్క్‌లోని యూదు మతగురువు, రబ్బీ స్టీఫెన్ వైజ్‌కు దాన్ని అందజేయకుండా అమెరికా విదేశాంగ శాఖ ఆపేసింది. లండన్ దారిలో అది ఆయనకు చేరింది. చేరాక కూడా, మేం నిర్ధారించుకునేదాకా బయటపెట్టొద్దని శాఖ కోరింది. మూడు నెలలు పోయాయి. నవంబర్ 24న వైజ్ విలేకరుల్ని పిలిచి ఇరవై లక్షల మందిని చంపేశారని చెప్పాడు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ దాన్ని పదో పేజీలో వేసింది.

డిసెంబర్ 17న పదకొండు మిత్రరాజ్య ప్రభుత్వాలు, ఫ్రెంచ్ జాతీయ కమిటీ కలిసి ఇదే సంగతిని అధికారికంగా ప్రకటించాయి. లండన్ పార్లమెంటులో బ్రిటన్ విదేశాంగ మంత్రి ఆంథొనీ ఈడెన్ చదివి వినిపించాడు, సభ్యులు లేచి నిలబడి మౌనం పాటించారు. అది ఫస్ట్ పేజీకి ఎక్కింది. అవే హత్యలు, వాటిని చెప్పిన నోరు మారింది, అంతే. తర్వాత ఫాలోఅప్ పెద్దగా లేదు. మర్నాటికి మళ్లీ స్టాలిన్‌గ్రాడ్, ఉత్తరాఫ్రికా యుద్ధ వార్తలే.

వార్సా నివేదికను లండన్ పేపర్లకు చేర్చిన జీగెల్‌బోయ్మ్ 1943 మేలో ఆత్మహత్య చేసుకున్నాడు. భార్య, కొడుకు వార్సాలో చనిపోయారు, ఘెట్టో తిరుగుబాటును జర్మన్లు అణిచేస్తున్నారు. ప్రపంచం చూస్తూ ఊరుకున్నందుకు నిరసనగా చనిపోతున్నానని ఉత్తరం రాసిపెట్టాడు. జూన్‌లో ఆ ఉత్తరం పేపర్లలో వచ్చింది. అదీ లోపలి పేజీల్లోనే.

ఇప్పుడు ఒక్క పేజీని దగ్గరగా చూపిస్తాను. న్యూయార్క్ టైమ్స్, 1944 జులై 2. హంగరీ నుంచి అప్పటికే నాలుగు లక్షల మంది యూదుల్ని చావుకు తరలించారని, మరో మూడున్నర లక్షల మందిని రానున్న మూడు వారాల్లో చంపబోతున్నారని వార్త. గమనించండి, ఇది జరిగిపోయిన సంగతి మాత్రమే కాదు, మూడు వారాల ముందు చెప్తున్న సంగతి. పన్నెండో పేజీలో నాలుగు అంగుళాల సింగిల్ కాలమ్ ఇచ్చారు. అదే రోజు ఫస్ట్ పేజీలో సెలవులకు ఊళ్లకు పోతున్న న్యూయార్క్ జనం రద్దీ మీద కథనం ఉంది. పండగ రద్దీ ఫోటో ఫస్ట్ పేజీలో వేయని తెలుగు పేపరు లేదు కాబట్టి ఆ డెస్క్‌ను నేను వెక్కిరించను. ఆ పన్నెండో పేజీ మాత్రం మింగుడుపడదు.

లారెల్ లెఫ్ అనే అమెరికన్ పరిశోధకురాలు టైమ్స్ ఫైళ్లన్నీ లెక్కగట్టింది. 1939 సెప్టెంబర్ నుంచి 1945 మే దాకా యూరప్ యూదులకు ఏం జరుగుతోందో చెప్పే వార్తలు 1,186 వచ్చాయి. ఫస్ట్ పేజీకి వచ్చినవి 26. యూదులే ప్రధాన బాధితులని ఫస్ట్ పేజీలో స్పష్టంగా తెలిసేవి అందులో ఆరు. ఆ పేపరు యజమాని ఆర్థర్ హేస్ సల్జ్‌బర్గర్ స్వయంగా యూదుడు. యూదులంటే ఒక మతం వాళ్లేగానీ ఒక జాతి కాదని ఆయన నమ్మకం, తనది "యూదుల పేపరు" అని పేరు పడుతుందేమోనని జంకు. పత్రికలో పక్షపాతం అనగానే మనం తనవాళ్లకు ఎక్కువ చోటిచ్చుకోవడం అనుకుంటాం. ఇక్కడ జరిగింది రివర్స్. 2001లో అదే పేపరు 150 ఏళ్ల సంచికలో మాజీ సంపాదకుడు మ్యాక్స్ ఫ్రాంకెల్ దీన్ని పత్రికకు పడ్డ మచ్చగా ఒప్పుకుంటూ రాశాడు.

కళ్లారా చూసిన విలేకరికి కూడా డెస్క్ దగ్గర చుక్కెదురైంది. 1944 వేసవిలో సోవియట్ సైన్యం మైదానెక్ క్యాంపును పట్టుకుని విదేశీ విలేకరులకు చూపించింది. అలెగ్జాండర్ వెర్త్ అక్కడి గ్యాస్ గదులు, గుట్టలుపోసిన చెప్పులు చూసి బీబీసీకి కాపీ పంపితే, రష్యన్ల ప్రచారమేమోనని పక్కన పెట్టారు. మరుసటి ఏప్రిల్‌లో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ క్యాంపు నుంచి రిచర్డ్ డింబుల్‌బీ పంపిన రిపోర్టును కూడా వెంటనే ప్రసారం చేయలేదు. రాజీనామా చేస్తానని ఆయన అన్నాకే కదిలింది.

ఇక చివరి సంగతి. ఈ వార్తల్ని మొదటినుంచీ శ్రద్ధగా చదివి, నమ్మిన పాఠకుడు ఒకడున్నాడు. అతను యూలియస్ స్ట్రైకర్, డెర్ స్ట్యూర్మర్ అనే పత్రిక సంపాదకుడు. ఇరవై ఏళ్లు యూదుల మీద విషం కక్కినవాడు. చంపుతున్న సంగతి నాకు తెలియదని యుద్ధం అయ్యాక నాజీ నాయకుల్ని విచారించిన న్యూరెంబర్గ్ కోర్టులో అతను వాదించాడు. అతనికి స్విట్జర్లాండ్ నుంచి క్రమం తప్పకుండా ఒక చిన్న యూదు వారపత్రిక, ఇజ్రాయెలిటిషెస్ వోహెన్‌బ్లాట్, వచ్చేదని కోర్టు తేల్చింది. తూర్పున ఎంతమందిని తరలించారు, ఎంతమందిని చంపారు అన్న అంకెలు సంచిక సంచికకూ ఆ పత్రికలో ఉండేవి. యూరప్ నుంచి యూదులు మాయమైపోతున్నారని 1943 ఆగస్టులో ఆ పత్రిక రాసింది. నవంబర్‌లో స్ట్రైకర్ తన పత్రికలో దాన్ని ఎత్తిచూపి, ఇది యూదుల అబద్ధం కాదు అని వ్యాఖ్యానించాడు. జడ్జీలు ఆ వాక్యాన్ని తీర్పులోకి ఎక్కించి, 1946 అక్టోబర్‌లో అతనికి ఉరిశిక్ష వేశారు.

ప్రశ్నలుంటే అడగండి.