దివ్యాంగుల సంస్థ కమిటీలో కూర్చుంటే చేయాల్సిన పనేంటి?

[విశాఖ ఫిషింగ్ హార్బర్, ఉదయం. వెనకాల బోట్లలోకి ఐసు ఎక్కిస్తుంటారు. ప్రెజెంటర్ జెట్టీ మీద నడుస్తూ మాట్లాడాలి.]

"పాపం, కమిటీవాళ్లు జీతం భత్యం లేకుండా చేస్తున్నారు. వాళ్లని పట్టుకుని లెక్కలు అడగడం ఏం మర్యాదండీ?"

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. దివ్యాంగ పిల్లల స్కూలు గురించి మాట్లాడినా, డే కేర్ సెంటర్ గురించి మాట్లాడినా, హాస్టల్ గురించి మాట్లాడినా ఎవరో ఒకరు ఇదే అంటారు. అనేవాళ్లు మంచివాళ్లే. కమిటీల్లో ఉన్నవాళ్లూ చాలావరకు మంచివాళ్లే. కానీ ఆ మాట వల్ల నష్టపోయేది అక్కడికొచ్చే పిల్లలు, వాళ్లని ఎత్తుకొచ్చే తల్లులు. అందుకే ఈ వీడియో.

ఇలాంటి సంస్థల్ని సొసైటీ, అంటే సంఘం, పేరుతో రిజిస్టర్ చేయిస్తారు. అదెలాగో ఇక్కడ వదిలేస్తున్నా. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరరు, ఈసీ (కార్యవర్గం) మెంబర్లు అని లెటర్‌హెడ్ మీద పేర్లుంటాయి కదా. జీతం తీసుకోని ఆ ఏడుగురో తొమ్మిదిమందో అసలు చేయాల్సిన పనేంటి? నేను మాట్లాడేది అంతవరకే.

[ప్రెజెంటర్ ఒక బోటు పక్కన ఆగాలి.]

హార్బరుకి ఎందుకు తీసుకొచ్చానంటే, ఈ బోటు చూడండి. ఒకసారి వేటకెళ్తే పది పదిహేను రోజులు నీళ్ల మీదే. అక్కడ మాట సరంగుది, అంటే బోటు నడిపే పెద్దది. వల ఎప్పుడు దింపాలో, ఎటు తిప్పాలో, ఎప్పుడు వెనక్కి రావాలో ఆయనే చెప్తాడు. ఒడ్డునున్న ఓనరు ఫోన్ చేసి "వల ఇప్పుడే లాగెయ్యి" అనడు. మరి ఓనరుకి పనే లేదా? బోలెడంత ఉంది. డీజిలు సరిపడా పోశారా? ఐసు ఎక్కిందా? ఎంతమంది వెళ్తున్నారో అన్ని లైఫ్ జాకెట్లు ఉన్నాయా? వైర్‌లెస్ పలుకుతోందా? లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు సరిగ్గా ఉన్నాయా? తుపాను కబురేమైనా ఉందా? అన్నిటికంటే ముందు, ఈ సరంగు చేతిలో బోటు పెట్టొచ్చా? ఇవన్నీ బోటు జెట్టీ వదలకముందే తేలాలి. నడిసముద్రంలో తేలేవి కావు.

సంస్థలో సరంగు అంటే డైరెక్టరో, ప్రిన్సిపాలో. కలాసీలంటే, బోటులో పనిచేసేవాళ్లంటే, దివ్యాంగ పిల్లలకి చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు, ఫిజియోథెరపిస్టు, ఆయాలు, వ్యాను డ్రైవరు. కమిటీ ఒడ్డున ఉండాల్సిన మనుషులు.

మన కమిటీలు దారి తప్పేది రెండు చోట్ల. కొంతమంది ఒడ్డున ఆగలేక బోటెక్కేస్తారు. ఏ పిల్లాడికి ఏ థెరపీయో ప్రెసిడెంటు గారే చెప్పాలి, ఆయా సెలవు చీటీ మీదా ఆయన సంతకమే పడాలి. మెదడు దెబ్బతిని కదలికలు కష్టమైన సెరిబ్రల్ పాల్సీ పిల్లలతో ఇరవయ్యేళ్లు పనిచేసిన మనిషి పక్కన నిలబడి, రిటైరయ్యాక తీరిక దొరికిన పెద్దాయన "అలా కాదమ్మా" అంటుంటారు. అలాంటి చోట మంచి డైరెక్టరు ఎన్నాళ్లు నిలుస్తారు చెప్పండి?

ఇంకొంతమంది బోటు బయల్దేరే రోజు ఫోటోకి వస్తారు. డిసెంబర్ 3 అంతర్జాతీయ దివ్యాంగుల దినం. ఐక్యరాజ్యసమితి 1992లో ప్రకటించింది. ఆ రోజు బీచ్ రోడ్డు నిండా బ్యానర్లు, శాలువాలు, ట్రైసైకిళ్ల పంపిణీ. పండగ చేసుకోవడం నాకూ ఇష్టమే, పిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. కానీ అదే కమిటీకి జూలైలో మీటింగు పెడితే కోరం ఉండదు, అంటే మీటింగు చెల్లడానికి కావాల్సినంత మంది రారు.

[తెర మీద: మినిట్స్ పుస్తకంలో ఒక పేజీ, దగ్గరగా.]

ఒక సంస్థ కమిటీ పనిచేస్తోందో లేదో తెలియాలంటే నేను ముందు అడిగేది మినిట్స్ పుస్తకం, అంటే మీటింగుల్లో ఏం తేల్చారో రాసే పుస్తకం. బ్రోషరు కాదు. చాలాచోట్ల ఇలా ఉంటుంది చూడండి: "గత సమావేశపు తీర్మానములు చదివి ఆమోదించడమైనది. జమాఖర్చులు చదివి ఆమోదించడమైనది. వందన సమర్పణతో సభ ముగిసినది." తర్వాతి పేజీ తిప్పితే అదే. ఆ తర్వాత పేజీలో తేదీ ఒక్కటే మారుతుంది.

ఇలా ఉండాలి: "ఫిజియోథెరపిస్టు పోస్టు మార్చి నుంచి ఖాళీ. దాంతో పిల్లలకి వారానికి రెండుసార్లు జరగాల్సిన థెరపీ ఆగింది. ఈ వారంలో ప్రకటన ఇచ్చే బాధ్యత సెక్రటరీది. పోస్టు నిండేదాకా బయటి థెరపిస్టుని పిలవడానికి డబ్బు మంజూరు చేశాం. వచ్చే మీటింగులో మొదట దీని సంగతే." ఐదు వాక్యాలు. ఏం ఆగిందో, ఎవరు చేయాలో, ఎప్పటికల్లా చేయాలో అన్నీ ఉన్నాయి. ఇది రాసినవాళ్లు ఒడ్డున మెలకువగా ఉన్నారు.

ఇక ఈ పోలికలో తేడా ఒకటుంది. నాకు అదే ముఖ్యం. బోటు ఓనరుది. నష్టమొస్తే ఆయన జేబు, అమ్ముకుంటే ఆయన ఇష్టం. సంస్థ కమిటీది కాదు. మెడలో గొలుసు తాకట్టు పెట్టి మొదలుపెట్టిన అమ్మదీ కాదు, స్థలం ఇచ్చిన దాతదీ కాదు. కమిటీ ఇంకొకరి బోటుకి కాపలా ఉంటోంది.

దీనివల్ల ఏం మారుతుందో చూడండి. సెంటర్‌కి అద్దె ఇల్లు కావాలి. సీతమ్మధారలో ట్రెజరర్ గారి బావమరిది బిల్డింగు ఖాళీగా ఉంది అనుకుందాం. ఆయన మనసులో దురుద్దేశం లేకపోవచ్చు, అద్దె తగ్గించి కూడా ఇస్తుండొచ్చు. అయినా పద్ధతి ఉంది. "మా బంధువుదండీ" అని ట్రెజరరు ముందే నోరు విప్పి చెప్పాలి. ఆ చర్చ జరుగుతున్నంతసేపు గదిలోంచి లేచి వెళ్లాలి. మిగతావాళ్లు చుట్టుపక్కల ఇంకో రెండు మూడు ఇళ్ల అద్దెలు కనుక్కుని, పోల్చి, అదంతా మినిట్స్‌లో రాయాలి. ఆదాయపు పన్ను చట్టం కూడా ఇక్కడ ఊరుకోదు. ధర్మసంస్థ డబ్బు నడిపేవాళ్లకో, వాళ్ల బంధువులకో అన్యాయంగా లాభం చేకూర్చిందని తేలితే ఆ మేరకు ఆదాయానికి పన్ను మినహాయింపు పోతుంది. జీతం తీసుకోవట్లేదు అన్న సమాధానం అక్కడ చెల్లదు.

[ప్రెజెంటర్ కూర్చోవాలి. దగ్గరి షాట్.]

కమిటీలో ఎవరుంటున్నారో కాసేపు చూద్దాం. రిటైర్డ్ ఆఫీసరు, డాక్టరు, ఆడిటరు, ఇద్దరు వ్యాపారస్తులు. అందరూ కావాల్సినవాళ్లే. కానీ వీల్‌చెయిర్ వాడే మనిషి ఎక్కడ? చూపు లేనివాళ్లు? బధిరులు? ఆటిజం ఉన్న బిడ్డని పెంచుతున్న తల్లి?

"మా గురించి మేం లేకుండా ఏదీ వద్దు" అని దివ్యాంగుల ఉద్యమం ఎప్పట్నుంచో అడుగుతోంది. 2006లో ఐక్యరాజ్యసమితి వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల ఒడంబడిక తెచ్చింది, 2007లో భారతదేశం దాన్ని ఆమోదించింది. ఆ దారిలోనే మనకి 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే ఇందులో ఇరవై ఒకటి ఉన్నాయి. చట్టం అంత దూరం నడిచింది, మన కమిటీ గదులు మాత్రం చాలావరకు పాత కాలంలోనే ఉన్నాయి. వేట ముఖం చూసినవాడు ఒక్కడూ లేని బోట్ల సంఘాన్ని ఈ హార్బరులో ఎవరైనా లెక్కచేస్తారా?

కొన్ని సంస్థలు ఒక దివ్యాంగుడి పేరు కమిటీలో రాసి అక్కడితో ఆపేస్తాయి. ఆయన మీటింగుకి ఎలా రావాలి? మీటింగు ద్వారకానగర్‌లో, లిఫ్టు లేని బిల్డింగులో, రెండో అంతస్తులో. "పర్లేదు సార్, మేం మోసుకెళ్తాం" అంటారు. నిర్ణయాలు తీసుకోవాల్సిన మనిషిని బస్తాలా మోసుకెళ్తే ఆయన ఏ మొహంతో గట్టిగా ప్రశ్న అడుగుతారు? మీటింగు కింది అంతస్తుకి మార్చండి. అక్కడ బాత్రూమ్ తలుపులోంచి వీల్‌చెయిర్ పడుతుందో లేదో టేపు పెట్టి కొలవండి.

చూపు లేని మెంబరు ఉన్నారనుకోండి. బ్యాలెన్స్ షీటుని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆయన ఫోనులో తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉంది, కానీ వంకరగా తీసిన ఫోటోలోని అంకెల్ని అది సరిగ్గా చదవలేదు. అదే లెక్కని టైపు చేసిన ఫైలుగా మూడు రోజుల ముందు పంపితే, అందరికంటే పదునైన ప్రశ్న ఆయన దగ్గర్నుంచే రావచ్చు. బధిరులైన మెంబరు ఉంటే సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ని పిలవాలి, ఆ ఖర్చు బడ్జెట్‌లో ముందే రాయాలి. మేధో వైకల్యం ఉన్న మెంబరు అయితే ముందురోజు ఒకరు కూర్చుని, బొమ్మలతో, చిన్న మాటలతో రేపటి విషయాలు చెప్పాలి. ఇవి దయతో చేసే పనులు కావు. మీటింగుకి కుర్చీలు వేసినట్టే ఇవీ.

ఇప్పుడు డబ్బు. విశాఖలో ఉన్న అదృష్టం ఏంటంటే గాజువాక నుంచి పరవాడ దాకా పెద్ద పెద్ద కంపెనీలున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీ గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకి పెట్టాలి. అలా ఒక వ్యాను వస్తుంది. ర్యాంపు ఉన్న కొత్త వ్యాను. కొబ్బరికాయ కొడతారు, ఫోటో పేపర్లో పడుతుంది. కమిటీలో ఎవరో ఒకరు ఆ రోజే అడగాలి: డ్రైవరు జీతం ఎక్కణ్ణుంచి? టైర్లు, ఇన్సూరెన్సు, రిపేర్లు? బోటు ఇచ్చారు సరే, ప్రతి వేటకీ డీజిలు పోసేదెవరు? ఆ ప్రశ్న ఎవరూ అడక్కపోతే రెండేళ్లకి ఆ వ్యాను షెడ్డులో ఉంటుంది, పెందుర్తి నుంచి రావాల్సిన పిల్లలు ఇంట్లో ఉంటారు. దాతలకి నాదో విన్నపం: వస్తువులు ఇచ్చే ఉత్సాహంలో సగం జీతాలకి చూపించండి. పిల్లాడికి చెంచా పట్టుకోవడం నేర్పేది మనిషే.

[బోటు ఒడ్డుకి లాగి మరమ్మతు చేస్తున్న దృశ్యం.]

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇక్కడివాళ్లు ఆ రెండు నెలల్లో బోటు పైకి లాగి, పుచ్చిన చెక్క మార్చి, ఇంజన్ విప్పి చూస్తారు. కమిటీ లెక్కల సంవత్సరం ముగిసేదీ దానికి కాస్త ముందే, మార్చి 31న. అందుకే ఆ కాలాన్నే కమిటీలు కూడా వాడుకోవాలంటాను. ఆడిట్ మొదలుపెట్టించండి. ఆడిటరుని మీటింగుకి పిలిచి, డైరెక్టరు బయటున్నప్పుడు "మీకు ఎక్కడైనా అనుమానంగా అనిపించిందా?" అని అడగండి. డైరెక్టరు ఏడాది పని గురించి డైరెక్టరుతోనే కూర్చుని మాట్లాడండి. ఎవరు ఎన్ని మీటింగులకి వచ్చారో రాసి చూసుకోండి. అసలే రానివాళ్లకి గౌరవంగా నమస్కారం పెట్టి ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వండి. సర్వసభ్య సమావేశం అయ్యాక, 2001 సొసైటీల చట్టం ప్రకారం కమిటీ జాబితా రిజిస్ట్రారుకి దాఖలు చేయడం మర్చిపోవద్దు. తర్వాత ఎప్పుడో గొడవొస్తే అసలు కమిటీ ఎవరన్న ప్రశ్న దగ్గరే అంతా ఇరుక్కుపోతుంది.

టైము దగ్గరపడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

పిల్లల భద్రత. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, అనుమానం వచ్చినా సరే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. "ముందు కమిటీలో మాట్లాడుకుందాం, సంస్థ పేరు పోతుంది" అనే మాటకి అక్కడ చోటు లేదు. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు. హాస్టల్ నడుపుతుంటే రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటున్నారో అడగండి. ఒకసారి చెప్పకుండా వెళ్లి చూడండి కూడా.

స్పెషల్ ఎడ్యుకేటర్లకి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉండాలి. సర్టిఫికెట్ల కాపీలు ఫైల్లో ఉన్నాయా? విదేశీ విరాళాలు తీసుకుంటుంటే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. సంతకం పెట్టేముందు కమిటీ అంతా ఇది తెలుసుకోవాలి, ఒక్క ట్రెజరరుకి తెలిస్తే చాలదు.

"మా తర్వాత మా బిడ్డ సంగతేంటి?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీ జిల్లాలో ఉంటుంది, కలెక్టరు అందులో ఉంటారు. మీ సంస్థలోని కుటుంబాలకి ఆ సంగతి ఎవరైనా చెప్పారా అని డైరెక్టరుని అడగండి.

అదే ప్రశ్న సంస్థకీ వర్తిస్తుంది. స్థాపించిన అమ్మకి డెబ్భై దాటాయి, చెక్కు మీద సంతకం ఆవిడదే, తాళాలు ఆవిడ దగ్గరే. ఆవిడ ఆరోగ్యంగా ఉండగానే రెండో మనిషికి పని నేర్పించాలి. ఆ మాట ఎత్తడం కష్టమే, ఆవిడంటే అందరికీ ప్రాణం కాబట్టి. ఆవిడకి దగ్గరివాళ్లే, ఇంటికెళ్లి నెమ్మదిగా ఎత్తాలి.

మిమ్మల్ని ఎవరైనా "మా కమిటీలోకి రండి సార్", "రండమ్మా" అని పిలిస్తే ఒప్పుకునేముందు బైలా (సంస్థ నియమాల పుస్తకం) కాపీ, రెండేళ్ల ఆడిట్ రిపోర్టు, మినిట్స్ పుస్తకం అడగండి. చూపించడానికి ఇబ్బంది పడితే ఎందుకో అడగండి. వచ్చే వీడియోలో బైలాలోని పదవీకాలం, ఎన్నికలు, కోరం చూద్దాం. మీ సంస్థ బైలా జెరాక్స్ ఒకటి తెప్పించుకుని పక్కన పెట్టుకోండి, పేజీ తిప్పుతూ చెప్తాను.