గుడ్డను అంచు నుంచి చూడండి

శ్రోతలందరికీ నమస్కారం.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశాలోని ఈ ఊళ్లలో ఉండే మన తెలుగువాళ్లకు మగ్గం కొత్త కాదు. బరంపురంలో మన దేవాంగుల ఇళ్లలో పట్టు నేత ఇప్పటికీ ఉంది. అయినా మ్యూజియంలో చీర ముందు అర నిమిషం నిలబడి, రంగు బాగుందనుకుని సాగిపోతాం. నేత మీద, అల్లిక మీద ఇష్టం ఉన్నవాళ్లు పువ్వులూ బుటాలూ తర్వాత చూడవచ్చు. ముందు అంచు చూడండి, వీలు చిక్కితే వెనక వైపు చూడండి. గుడ్డ ఎలా తయారైందో అక్కడే తెలుస్తుంది.

బరంపురం పట్టు చీరనే తీసుకోండి. అంచు మీద గుడి గోపురాల్లా వరసగా మొనలు లేచి ఉంటాయి, వాటినే కుంభ అంటారు. అసలు నేతలో పేకను, అంటే అడ్డ పోగును, అటూ ఇటూ నడిపే నాడెలు మూడు ఆడతాయి. బాడీకి ఒకటి, అంచులకు చెరొకటి. బాడీ పేక అంచు దాకా వచ్చి, అక్కడి పేకతో మెలిక వేసుకుని వెనక్కి తిరుగుతుంది. ప్రతి పేకకూ ఇదే పని. అందుకే మగ్గం దగ్గర రెండో మనిషి కావాలి, రోజుకి నేసే కొలతా తగ్గుతుంది. ధర ఎక్కువంటే కారణం ఇదే. ఆ మెలిక పడినచోట అంచు రంగు నిండుగా నిలుస్తుంది, వెనక వైపు సన్నటి గట్టు కనిపిస్తుంది. ఒకే నాడెతో నేస్తే బాడీ పేకే అంచులోకీ వెళుతుంది. ఎర్ర పడుగు (నిలువు పోగు) మీద పచ్చ పేక పడి, అంచు గోధుమ రంగుకు తిరుగుతుంది. మగ్గానికి బిగించే జకార్డు యంత్రంతో మొనల ఆకారం మాత్రమే దించిన చీరలోనైతే వెనకాల పోగులు వదులుగా వేలాడుతుంటాయి, లేదా కత్తిరించిన నూగు కనిపిస్తుంది.

ఇక సంబల్‌పురి బంధ. మన చీరాల, పుట్టపాక తేలియా రుమాలుదీ ఇదే పద్ధతి. నేయకముందే నూలును కట్టలు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. మగ్గం మీద పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి బొమ్మ అంచులు ఈకల్లా చెదిరి ఉంటాయి. ఆ చెదురు ఏ దిక్కున ఉందో చూడండి. చీర పొడుగునా ఉంటే పడుగుకు కట్టారు, అడ్డంగా ఉంటే పేకకు కట్టారు, రెండు వైపులా ఉంటే రెండింటికీ కట్టారు. అన్నిటికన్నా కష్టమైనది ఆ మూడోదే. గీతలు గీసినట్టు పదునుగా ఉండి, వెనక రంగు పాలిపోయి ఉంటే అది అచ్చు వేసిన గుడ్డ. అనుమానం తీరకపోతే అమ్మకం స్టాలులో కొంగు చివరి నుంచి ఒక పోగు అడిగి తీసుకోండి. ఒకే పోగు మీద రంగు మారుతూ పోతే అది బంధ.

గ్యాలరీలో చీకటిగా ఉందని చాలామంది విసుక్కుంటారు. పాత వస్త్రాల మీద వెలుగు 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దాటకూడదన్నది మ్యూజియాలు పాటించే లెక్క. మామూలు ఆఫీసు గదిలో 300కి పైనే ఉంటుంది. వెలుగు వల్ల పోయిన రంగు మళ్లీ రాదు, ఆ నష్టం ఏటికేడు కూడుతుంది. లోపలికి వెళ్లాక పది నిమిషాలు ఆగితే కళ్లు అలవాటుపడతాయి. ఫ్లాష్ వాడకండి. గళ్ల నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకెళ్లండి. సిరా మరక పడుతుందని చాలాచోట్ల పెన్ను తీయనివ్వరు.

పాత కలంకారీలో నల్ల గీతల దగ్గరే చిల్లులుంటే ఆశ్చర్యపోకండి. ఆ నలుపు ఇనుముతో వస్తుంది, ఇనుము నూలు పోగును తినేస్తుంది. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ గుడ్డలోనూ ముదురు గోధుమ, నలుపు ఛాయలు ఇనుము చేర్చితేనే వస్తాయి. దాని ఎరుపు మాత్రం తొగరు జాతి చెట్టు వేరు బెరడుది, ఇక్కడ ఆల్ అంటారు. నూలును ముందు ఆముదం, బూడిద నీరు, ఆవుపేడలతో రోజుల తరబడి పిసుకుతారు. రంగు పట్టి నిలవడానికే ఆ శ్రమంతా. కోట్‌పాడ్ అని చెప్పి గులాబీ, నీలం రంగులు చూపిస్తే అది ఆల్ అద్దకం కాదు. ఈ నేతకు భౌగోళిక గుర్తింపు (జీఐ) 2005లో వచ్చింది.

ఊలు అల్లేవాళ్లకు ఒక మాట. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈజిప్టు నుంచి తెచ్చిన ఎర్ర మేజోళ్లున్నాయి, బొటనవేలు విడిగా ఉంటుంది. సుమారు క్రీస్తుశకం 250–420 నాటివి. చూడగానే రెండు సూదుల అల్లికనిపిస్తుంది, కానీ అవి కంటి సూది ఒక్కదానితో, పొట్టి దారం ముక్కలు అతుకుతూ చేసినవి. ఫొటో చూసినా తేడా పట్టవచ్చు. మన అల్లికలో ముందు వైపు ‘వి’ అక్షరాల్లాంటి కుట్లు నిలువుగా పేరుకుంటాయి, ఒక కుట్టు జారితే కింది దాకా ఊడిపోతుంది. ఆ కంటి సూది పనిలో ఉచ్చులు ఒకదానిలోంచి ఒకటి దాటి బిగుస్తాయి, అంత సులువుగా ఊడవు. మ్యూజియంలో ఏ అల్లిక నచ్చినా గళ్ల కాగితం మీద ఒక కుట్టుకు ఒక గడి చొప్పున ఎక్కించుకోండి, ఇంటికొచ్చి అల్లుకోవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి? భువనేశ్వర్‌లో చేతిపనుల మ్యూజియం కళాభూమి, రాష్ట్ర గిరిజన మ్యూజియం ఉన్నాయి. కొరాపుట్‌లోనూ గిరిజన మ్యూజియం ఉంది. అహ్మదాబాద్ కాలికో మ్యూజియంకి మాత్రం ముందే పేరు నమోదు చేసుకోవాలి. అక్కడ బుధవారం సెలవు, హైదరాబాద్ సాలార్ జంగ్‌కి శుక్రవారం, చాలా ప్రభుత్వ మ్యూజియాలకు సోమవారం.

ఆగస్టు 7 చేనేత దినోత్సవం ముందూ వెనకా ఊళ్లలో అమ్మకపు ఎగ్జిబిషన్లు పెడతారు. అక్కడ గుడ్డను పట్టుకోవచ్చు, కాబట్టి పట్టుకోండి. పట్టు అని చెబితే పడుగు పోగొకటి, పేక పోగొకటి విడివిడిగా కాల్చి చూపమనండి. ఒకటి పట్టు, ఒకటి పాలిస్టరు అయ్యే చీరలు చాలా తిరుగుతున్నాయి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి పొడి అవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది. పొందూరు ఖద్దరు అంటే వెలుగుకు ఎత్తి పట్టండి. చేతి వడుకులో పోగు అక్కడక్కడా లావెక్కి సన్నబడుతుంది. పోగంతా ఒకే లావున ఉంటే మిల్లు నూలేమో అడగండి.

మ్యూజియాల వాళ్లను కూడా ఒకటి అడగాలి. చీరను గోడకు పరిచి ముందు వైపే చూపిస్తే నేతలో సగం దాచినట్టే. ఒక మూల మడిచి పెట్టినా, కింద చిన్న అద్దం పెట్టినా చాలు. సందర్శకుల పుస్తకంలో ఏ గ్యాలరీ, ఏ చీర అన్నది పేర్కొని ఆ మాట రాయండి.