తొమ్మిదే ఎందుకు, ఏడు ఎందుకు కాదు?

అందరికీ నమస్కారం. మన నంబర్ థియరీ ఆన్‌లైన్ సెమినార్ల కొత్త విడత ఈరోజు మొదలవుతోంది. ప్రారంభోపన్యాసం అనగానే సంఖ్యల గొప్పతనం గురించి నాలుగు మంచి మాటలు చెప్పి తప్పుకోవడం ఆనవాయితీ. సంఖ్యలకు నా సిఫార్సు అక్కర్లేదు. అందుకని ఆ పని మానేసి, ఇలాంటి సెమినార్‌లో ఎలా వినాలి, ఎలా చెప్పాలి అన్నదే మాట్లాడతాను. మీలో చాలామంది ఇప్పుడిప్పుడే పరిశోధనలోకి వచ్చినవాళ్లు. ఈ మాటలు ముఖ్యంగా మీకోసమే.

దూరాన ఉన్నవాళ్లతో కలిసి పనిచెయ్యడం మనకేం కొత్త కాదు. 1742 జూన్ 7న గణితజ్ఞుడు గోల్డ్‌బాక్ తోటి గణితజ్ఞుడు ఆయిలర్‌కి రాసిన ఉత్తరం అంచున ఒక ఊహ ఉంది: 2 కంటే పెద్దదైన ప్రతి సంఖ్యా మూడు ప్రధాన సంఖ్యల మొత్తం అని. అప్పట్లో 1ని కూడా ప్రధాన సంఖ్యల్లో కలిపేవారు లెండి. జూన్ 30న ఆయిలర్ జవాబు రాశాడు. ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమే, నాకు నమ్మకం ఉంది కానీ నిరూపించలేను అన్నాడు. ఆ నిరూపణ ఇప్పటికీ ఎవరికీ చేతకాలేదు. ఆ ఉత్తరం అందిన మనిషి ఒక్కడే. అదే ఈ రోజుల్లో అయితే వందమంది వినేవారు.

వందమంది వింటే ఏమవుతుందో 2013లో చూశాం. ఆ ఏడాది యీటాంగ్ జాంగ్, ఏడు కోట్ల లోపు ఎడం ఉన్న ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయని నిరూపించాడు. ఎడం ఎంతైనా సరే, ఒక హద్దు అంటూ దొరకడం అదే మొదటిసారి. వెంటనే గణితజ్ఞుడు టెరెన్స్ టావో చొరవతో, ఒకే సమస్య మీద చాలామంది కలిసి పనిచేసే పాలీమ్యాత్ బృందం ఇంటర్నెట్‌లో అందరి కళ్ల ముందే పని మొదలుపెట్టింది. కొద్ది నెలల్లో ఏడు కోట్లు కాస్తా 4680కి దిగింది. ఈలోగా జేమ్స్ మేనార్డ్ విడిగా, వేరే దారిలో 600కి తెచ్చాడు. రెండు దారులూ కలిశాక 2014లో 246 దగ్గర ఆగింది. కవల ప్రధాన సంఖ్యల ఊహకి, అంటే 2 ఎడం ఉన్న జతలు అనంతంగా ఉన్నాయన్న ఊహకి, కావాల్సింది 2. అక్కడికి ఇంకా దారి లేదు.

ఇక 2020. కరోనాతో సెమినార్ గదులన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. కొన్ని నెలల్లోనే నంబర్ థియరీ వెబ్ సెమినార్ లాంటి సిరీస్‌లు పుట్టాయి. ఏ టాక్ ఎప్పుడో చెప్పే ఉమ్మడి పట్టికను ఎంఐటీ గణితజ్ఞులు తయారుచేశారు. చూసేవాళ్ల గడియారం ప్రకారమే టైమ్ చూపిస్తుంది అది. చిన్న విషయంలా ఉంటుంది కానీ మార్చి నెలలో సెమినార్ నడిపినవాళ్లని అడగండి! అమెరికా ఆ నెల రెండో ఆదివారం గడియారం మారుస్తుంది, యూరప్ ఆఖరి ఆదివారం మారుస్తుంది, చాలా దేశాలు అసలు మార్చవు. ఆ రెండు మూడు వారాలూ ఎవరో ఒకరు గంట ముందో వెనకో వచ్చి ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు.

అసలు సంగతికి వస్తాను. ఆన్‌లైన్‌లో మనం పోగొట్టుకున్నది టీ విరామం అని అందరూ అంటారు. నిజమే, కానీ అంతకంటే పెద్ద నష్టం వేగంలో జరిగిందని నా అభిప్రాయం. బోర్డు మీద రాసేవాడు చెయ్యి ఎంత జోరుగా కదిలితే అంతే జోరుగా వెళ్లగలడు. స్లైడ్‌కి ఆ కట్టడి లేదు. నాలుగు లెమ్మాలు (నిరూపణలో మెట్లుగా వాడే చిన్న ఫలితాలు), పదకొండు ఎప్సిలాన్లు (చిన్న రాశులకు వాడే గుర్తులు) ఒక్క క్లిక్‌తో వచ్చి పడతాయి. చూసేవాడు రెండో లైన్‌లో ఉండగానే స్లైడ్ మారిపోతుంది. ఆ తర్వాత అతను వినడు, ఈమెయిల్ చూసుకుంటాడు. తప్పు అతనిది కాదు.

దీనికి విరుగుడు వినేవాళ్ల చేతుల్లో కూడా కొంత ఉంది. ఒక ఉదాహరణ చెప్తాను. మూడు ఘనాల సమస్య మీ అందరికీ తెలిసిందే: ఒక సంఖ్యను మూడు పూర్ణాంకాల ఘనాల మొత్తంగా రాయగలమా? రుణ సంఖ్యలు కూడా వాడుకోవచ్చు. 33కి జవాబు 2019లో గానీ దొరకలేదు. గణితజ్ఞుడు ఆండ్రూ బుకర్ కనిపెట్టిన ఆ మూడూ పదహారేసి అంకెల సంఖ్యలు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బుకర్, ఆండ్రూ సదర్లండ్ కలిసి 42ని పట్టుకున్నారు. ఈసారి పదిహేడేసి అంకెలు. వందలోపు మిగిలిన ఆఖరి సంఖ్య అదే.

ఈ టాక్ ఎవరు ఇచ్చినా మొదట్లో ఒక వాక్యం వస్తుంది: 9తో భాగిస్తే 4 గానీ 5 గానీ శేషం వచ్చే సంఖ్యలను వదిలేద్దాం, అవి సాధ్యం కాదు. అర నిమిషంలో అయిపోతుంది. మీరు అక్కడ కాగితం తియ్యాలి. 0 నుంచి 8 దాకా ఘనాలు వేసి 9తో భాగించండి. వచ్చే శేషాలు 0, 1, 8, మళ్లీ 0, 1, 8, మళ్లీ అవే. 8 అంటే మైనస్ 1 అనుకోవచ్చు. అంటే ప్రతి ఘనమూ 0, 1, మైనస్ 1లలో ఒకటి. అలాంటివి మూడు కలిపితే మైనస్ 3 నుంచి 3 దాకానే వెళ్లగలం. శేషాలుగా చూస్తే అవి 0, 1, 2, 3, 6, 7, 8. 4, 5 బయటే ఉండిపోయాయి.

ఇప్పుడు చాలామంది నోటిదాకా వచ్చి ఆగిపోయే ప్రశ్న ఒకటి ఉంది. తొమ్మిదే ఎందుకు? 7తో భాగించినా ఘనాల శేషాలు 0, 1, 6లే కదా, అంటే అక్కడా 0, 1, మైనస్ 1లే కదా? మరి 7 దగ్గర అడ్డు ఎందుకు లేదు? అడిగితే నవ్వుతారేమో అని టెన్షన్ పడి మ్యూట్‌లోనే ఉండిపోతారు. జవాబు చూడండి. మైనస్ 3 నుంచి 3 దాకా ఉన్నవి ఏడు సంఖ్యలు. 7తో భాగిస్తే వచ్చే శేషాలూ సరిగ్గా ఏడే. అన్నీ చెల్లిపోయాయి, మిగిలింది సున్నా. 9కి తొమ్మిది శేషాలు, మన చేతిలో ఉన్నవి ఏడు, కాబట్టి రెండు మిగిలాయి. ఒక్క ప్రశ్నతో ఆ అర నిమిషం వాక్యం మీ సొంతమైంది. మిగతా టాక్ అర్థం కాకపోయినా ఆ గంట వృథా కాలేదు.

9తో వచ్చే ఈ చిక్కు లేని ప్రతి సంఖ్యనీ మూడు ఘనాలుగా అనంతమైన విధాలుగా రాయవచ్చని హీత్-బ్రౌన్ 1992లో ఊహించాడు. కానీ 3 విషయంలో చాలాకాలం తెలిసినవి రెండే: 1, 1, 1 ఒకటి; 4, 4, మైనస్ 5 ఇంకొకటి. ఇంకేమైనా ఉన్నాయా అని మోర్డెల్ 1953లో అడిగాడు. మూడోది 2019లో మళ్లీ బుకర్, సదర్లండ్‌లకే దొరికింది. దాంట్లో రెండు సంఖ్యలకు 21 అంకెలు.

అందుకే ఈ విడతలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మొదటి ఇరవై నిమిషాలు వక్త స్లైడ్లు వాడకుండా చేత్తో రాయాలి. టాబ్లెట్ అయినా సరే, కాగితం మీద కెమెరా పెట్టినా సరే. ఆ ఇరవై నిమిషాల్లో ఎవరైనా మధ్యలో ఆపి అడగొచ్చు. నోరు విప్పడం ఇబ్బంది అనిపిస్తే చాట్‌లో రాయండి, నిర్వాహకులు పేరు చెప్పకుండా చదువుతారు. రికార్డింగ్ మాత్రం వక్త ఒప్పుకుంటేనే పెడతాం. ఇంకా ప్రచురించని పని, ఎక్కడో ఒక మెట్టు సందేహంగా ఉన్న నిరూపణ చెప్పేవాళ్లకి ఆ స్వేచ్ఛ ఉండాలి. లేకపోతే అందరూ పాత పేపర్లే చెప్తారు.

నా టైమ్ అయిపోయింది, వక్త సిద్ధంగా ఉన్నారు. వచ్చే వారానికి ఒక చిన్న పని. ఘనాల బదులు నాలుగో ఘాతాలు తీసుకోండి, 16తో భాగించి శేషాలు చూడండి. 16తో భాగిస్తే 15 శేషం వచ్చే సంఖ్యకి కనీసం ఎన్ని నాలుగో ఘాతాలు కావాలో చాట్‌లో రాయండి. రుణ సంఖ్యలు ఇక్కడ ఎందుకు పనికిరావో కూడా ఒక లైన్ రాస్తే ఇంకా మంచిది. వక్తగారూ, ఇక స్క్రీన్ మీ చేతిలో ఉంది, మొదలుపెట్టండి.