ముంబయి విక్టోరియన్ కట్టడాలు: ఎక్కడ నిలబడి చూడాలి, దేనికి ఎంత టైమ్ ఇవ్వాలి?

నమస్తే అండి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేది ఇదిగో, ఈ స్టేషన్‌లోనే. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్. పాతవాళ్ళ నోట్లో ఇంకా వీటీనే, అంటే విక్టోరియా టెర్మినస్. మనవాళ్ళు చాలామంది రైలు దిగీ దిగగానే ట్యాక్సీ ఎక్కేస్తారు. దయచేసి అలా వెళ్ళిపోకండి. సబ్‌వేలో రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న మున్సిపల్ కార్పొరేషన్ మూల దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి చూడండి.

చూశారా! 1878లో మొదలుపెడితే పదేళ్ళు పట్టింది దీనికి. డిజైన్ ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్‌ది. ఆ గుమ్మటం మీద నిలబడ్డ స్త్రీ మూర్తి ప్రగతికి ప్రతీక. గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, అది బ్రిటన్. ఇంకోవైపు పులి, అది మన దేశం. ఇవి అందరూ ఫొటో తీసుకునేవే. నేను చూడమనేది ఇంకొంచెం చిన్నవి. వాన నీళ్ళు పోయే తూములకి జంతువుల ముఖాలున్నాయి. గోడల మీద నెమళ్ళు, కోతులు, తీగలు, ఆకులు. ఈ చెక్కడంలో జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థుల చెయ్యి ఉంది. స్టైల్ ఇంగ్లండ్ నుంచి వచ్చింది, నిజమే. ఆ నెమలి మెడ ఒంపు మాత్రం రోజూ నెమళ్ళని చూసేవాళ్ళకే వస్తుంది, నాకైతే అనుమానం లేదు.

లోపల టికెట్ హాలుకి తప్పకుండా వెళ్ళండి. స్టార్ ఛాంబర్ అంటారు. పైకప్పు నిండా నక్షత్రాలు, కింద క్యూలో లోకల్ టికెట్ కోసం జనం. మ్యూజియం చేసి తాళం వెయ్యకుండా, 2004లో యునెస్కో గుర్తింపు వచ్చాక కూడా అది పనిచేసే స్టేషన్‌గానే ఉండటం నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. ఒక్కచోటుకే టైమ్ ఉందంటే నేను స్టేషన్ కూడా వదిలేసి ఓవల్ మైదానానికి రమ్మంటాను. మైదానం మధ్యలో నిలబడితే తూర్పున హైకోర్టు, యూనివర్సిటీ, రాజాబాయి క్లాక్ టవర్ ఒకే వరసలో. పడమటికి తిరిగితే 1930ల నాటి ఆర్ట్ డెకో అనే స్టైల్ అపార్ట్‌మెంట్లు. 2018లో ఈ రెండు వరసలకీ కలిపే యునెస్కో గుర్తింపు వచ్చింది. సాయంత్రం రండి, ఎండ నేరుగా టవర్ మీద పడుతుంది.

ఇవన్నీ అప్పుడే ఎందుకు లేచాయంటే, 1860ల్లో గవర్నర్ బార్టిల్ ఫ్రెర్ పాత కోట గోడలు పడగొట్టించాడు, స్థలం దొరికింది. అదే టైమ్‌లో అమెరికాలో అంతర్యుద్ధం. ఇంగ్లండ్ మిల్లులకి అక్కడి పత్తి ఆగిపోయి మన పత్తి ధర ఆకాశానికంటింది. ఆ డబ్బుతో ఎదిగినవాళ్ళలో ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఒకరు. టవర్‌కి 2 లక్షల రూపాయలిచ్చి, అమ్మ రాజాబాయి పేరు పెట్టమన్నారు. ఆవిడకి చూపు లేదట, జైనులు కాబట్టి పొద్దు గుంకకముందే భోజనం చెయ్యాలి, గంట వింటే టైమ్ తెలుస్తుందని కట్టించారని చెప్పుకుంటారు. 1865లో యుద్ధం ఆగింది, పత్తి ధర కూలింది, ఆయన ఆస్తీ కరిగిపోయింది. టవర్ మాత్రం 1878లో పూర్తయింది. 85 మీటర్లు. డిజైన్ చేసిన గిల్బర్ట్ స్కాట్ అసలు ఇండియాకే రాలేదు!

పక్కనే హైకోర్టు. త్రాసు పట్టుకున్న కోతి జడ్జి బొమ్మ అక్కడుంది, కంటికి గంత కూడా ఒక్కవైపే. కోపమొచ్చిన ఒక కాంట్రాక్టర్ చెక్కించాడని కథ.

క్రాఫర్డ్ మార్కెట్ ఒక గంట చాలు, గుమ్మం పైన రైతుల శిల్పాలు చూసి వచ్చెయ్యండి. కాలా ఘోడా దగ్గర వాట్సన్ హోటల్ చూస్తే మాత్రం నాకు బాధేసింది. ఇనుప చట్రం ఇంగ్లండ్‌లో పోతపోసి, ఓడలో తెచ్చి ఇక్కడ బిగించారు. 1896 జులై 7న ఫ్రాన్స్‌కి చెందిన లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలు ఆడింది, మన దేశం మొదటిసారి సినిమా చూసింది అక్కడే. అలాంటిది ఏళ్ళ తరబడి శిథిలమైపోతుంటే ఎలా ఊరుకున్నాం?

రేటింగ్ అంటే 5కి 4.5. ఆ అర ఎందుకు తగ్గించానంటే, తిరిగినంతలో ఆర్కిటెక్టుల పేర్లు దొరికాయి కానీ రాళ్ళు మోసినవాళ్ళ గురించి నాకు ఒక్క బోర్డూ కనపడలేదు. ఈ నగరంలో కామాఠీపుర అనే పేటకి ఆ పేరొచ్చిందే నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకి వలస వచ్చిన కామాఠీల వల్ల. మన తెలుగువాళ్ళండీ వాళ్ళు. మీ ఇంట్లో తాతలో ముత్తాతలో బొంబాయి కట్టుబడికి పోయారన్న మాట ఎప్పుడైనా వినుంటే, ఏ ఊరి నుంచి పోయారో, ఏ పని చేశారో కింద కామెంట్లో రాయండి. అన్నీ చదువుతాను.