ఆ ఉద్యోగంలో పొద్దున పది గంటలకు ఏం చేస్తారు?

(తెరపై: నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్, సాయంత్రం. తర్వాత గ్రంథాలయం బయట టీ బండి.)

నమస్తే. పోయిన నెల ఈ టీ బండి దగ్గరే ఒక తమ్ముడు కలిశాడు. డిగ్రీ అయి మూడేళ్లయింది.

"ఏం చేస్తున్నవ్ తమ్మీ?"

"ప్రిపేర్ అవుతున్న అన్నా."

"దేనికి?"

"ఏ నోటిఫికేషన్ పడితే దానికే."

అతని బ్యాగులో కానిస్టేబుల్ మెటీరియల్ ఉంది, గ్రూప్-4 ఉంది, బ్యాంక్ క్లర్క్ పుస్తకం ఉంది, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పాత పేపర్లు కూడా ఉన్నాయి. ఒకదానికి చదివింది ఇంకోదానికి చాలావరకు పనికొస్తుంది, నిజమే. కానీ ఈ నాలుగు ఉద్యోగాల్లో రోజు గడిచే తీరు చూడండి.

(తెరపై: నాలుగు గడియారాలు, నాలుగు చోట్లు.)

కానిస్టేబుల్‌కు బందోబస్తు, రాత్రి డ్యూటీ, కోపంతో అరిచే మనుషుల మధ్య నిలబడటం. గ్రూప్-4తో వచ్చే జూనియర్ అసిస్టెంట్‌కు ఫైళ్లు, రిజిస్టర్లు, ఒకే కుర్చీ. బ్యాంక్ క్లర్క్‌కు కౌంటర్ ముందు లైను, సాయంత్రానికి రూపాయి తేడా రాకుండా లెక్క కలవాలి. బీట్ ఆఫీసర్ అయితే అమ్రాబాద్ లాంటి అడవిలో నడకే నడక, ఎండాకాలంలో మంటలు అంటుకోకుండా కాపలా. మన దగ్గర ఆ ఉద్యోగానికి ఎంపికలో మగవాళ్లకు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లకు 16 కిలోమీటర్లు నడక పరీక్షే పెట్టారు. ఈ నాలుగూ ఒకే మనిషికి సరిపోవడం చాలా అరుదు. ఆ తమ్ముడు మాత్రం నాలుగింటినీ "గవర్నమెంట్ జాబ్" అనే ఒక్క మాటలో కట్టేశాడు. అతని తప్పేం లేదు. మనం పిల్లలను అడిగేది ఉద్యోగం పేరు, జీతం. రోజు ఎట్లా గడుస్తుందని ఎవరం అడగం.

ఈ వీడియో ఆ ప్రశ్న గురించే.

(తెరపై: ఆరు మూలల బొమ్మ, ఒక్కో మూల వెలుగుతూ.)

జాన్ హాలండ్ అని ఒక అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరేవాళ్లను ఇంటర్వ్యూ చేయడం ఆయన పని. వాళ్లు అంతకుముందు ఏమేం పనులు చేశారో వింటూ ఉంటే, ఎంతమందిని చూసినా కొద్ది రకాల్లోనే సర్దుకుంటున్నారని ఆయనకు అనిపించింది. 1959లో దాన్ని సిద్ధాంతంగా రాశాడు. మనుషుల ఇష్టాలను ఆరు రకాలుగా చూశాడు. పనులను కూడా అవే ఆరు రకాలుగా చూశాడు.

బోరు మోటార్ చెడితే మెకానిక్ కోసం ఆగకుండా తనే విప్పి కూర్చునేవాళ్లు ఒక రకం. మోటార్ ఎందుకు కాలిందో తెలిసేదాకా నిద్రపట్టనివాళ్లు రెండో రకం. బతుకమ్మ పేర్చేటప్పుడు ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలా అని గంటసేపు ఆలోచించేవాళ్లు మూడో రకం. ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ముందు వెళ్లేవాళ్లు, చిన్న పిల్లలకు ఓపికగా లెక్కలు చెప్పేవాళ్లు నాలుగు. బత్తాయి తోటను కాయ మీదే బేరమాడి నలుగురిని వెంటేసుకుని కోయించేవాళ్లు ఐదు. పెళ్లి ఖర్చుల నోటుబుక్కు ఎవరి చేతికిస్తే పైసాతో సహా తేలుతుందో వాళ్లు ఆరు.

ఎవరూ ఒక్క రకంలోనే ఉండరు. రెండు మూడు కలిసి ఉంటాయి. ఈ బొమ్మలో పక్కపక్కన ఉన్నవి ఒకదానికొకటి దగ్గర, ఎదురెదురుగా ఉన్నవి దూరం. రంగుల మనిషికి ఎదురుగా ఉన్నది ఖర్చుల నోటుబుక్కు మనిషి. మోటార్ విప్పే మనిషికి ఎదురుగా ఉన్నది ఎవరికి జ్వరమొచ్చినా ముందు వెళ్లే మనిషి.

దీని మీద అమెరికా కార్మిక శాఖ ఒక ఉచిత పరీక్ష తయారు చేయించింది. చిన్న రూపంలో 60 ప్రశ్నలుంటాయి. అందులో ఒకటి: ఇటుకలు పేర్చడం మీకు ఇష్టమా?

(తెరపై: ఇటుకలు, తాపీ. కొన్ని క్షణాలు మాటల్లేకుండా.)

ఈ ప్రశ్న దగ్గర ఆగాలి. పాలమూరులో ఈ ప్రశ్న అడగండి. తాత బొంబాయికో పుణేకో పనికి పోయి, సగం జీవితం మట్టి మోసి వచ్చిన ఇల్లది. ఆ ఇంట్లో చదువుకున్న అమ్మాయి "ఇష్టం లేదు" అనే నొక్కుతుంది. అది ఆమె ఇష్టాన్ని చెప్పదు. ఇంట్లో పడ్డ కష్టాన్ని చెబుతుంది. ఆ పరీక్షలోనే, జీతం ఎంత, చదువు సరిపోతుందా అనేవి పక్కన పెట్టి జవాబివ్వమని రాసి ఉంటుంది. మనకు అది అంత తేలిక కాదు. అందుకే నేనైతే ప్రశ్న మార్చి అడుగుతాను: ఒక వస్తువు నీ చేతుల్లోనే మొదలై నీ చేతుల్లోనే పూర్తయితే నీకు ఎట్లా ఉంటుంది? అప్పుడు చాలామంది కళ్లు వెలుగుతాయి. సివిల్ ఇంజనీరింగ్, దంతవైద్యం, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, ఇవన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

(తెరపై: భూదాన్ పోచంపల్లి. రంగు నూలు, మగ్గం.)

ఉద్యోగం పేరు ఎందుకు సరిపోదో అర్థం కావాలంటే పోచంపల్లి వెళ్లాలి. ఒకప్పుడు మన నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. బయటివాళ్లు చూస్తే "చేనేత పని" అని ఒకటే మాట. లోపలికి వెళ్తే ఎన్ని పనులో! గ్రాఫ్ కాగితం మీద డిజైన్ వేసే మనిషి వేరు. ఆ గుర్తుల ప్రకారం, నూలుకు రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో చిటికి కట్టే మనిషి వేరు. అద్దకం దగ్గర వేడి నీళ్లు, రంగు, వాసన. మగ్గం మీద కూర్చున్న మనిషికి చేతిలో నాడె, కాళ్ల కింద పలకలు, గంటల తరబడి అదే లయ. చివరికి చీరలు పట్టుకుని హైదరాబాద్ షాపుల చుట్టూ తిరిగే మనిషికి మాట కావాలి, బేరం కావాలి, 'వద్దు' అంటే మనసుకు తీసుకోని గుణం కావాలి. వీటిలో ఒకదాంట్లో ఇమడలేని మనిషి ఇంకోదాంట్లో గొప్పగా రాణించవచ్చు.

చింతకింది మల్లేశం గారి కథ చాలామందికి తెలుసు. ఆలేరు దగ్గర శారాజీపేట. చిన్నప్పుడే బడి మానేసి మగ్గం పనిలోకి వచ్చారు. వాళ్ల అమ్మ లక్ష్మి గారు ఆసు పోసేవారు. అంటే నూలు పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ చేత్తో తిప్పడం. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. భుజాలు పడిపోయేవి. అమ్మ నొప్పి చూసి, ఆ పని చేసే యంత్రం తయారు చేయాలని కూర్చున్నారు. డబ్బు అయిపోయింది. చుట్టుపక్కలవాళ్లు మానేయమన్నారు. హైదరాబాద్‌లో పని చేసుకుంటూ, అక్కడ చూసిన ఒక యంత్రం కదలికలోంచి తనకు చిక్కని ముడిని విప్పుకున్నారు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఇందులో నాకు కనిపించేది ఇది: ఆయన చేనేత వదిలి వెళ్లలేదు. ఆ పనిలోనే, 'ఇది ఎట్లా కదులుతుంది' అని అడిగే మూల ఒకటి దొరికింది. అక్కడ కూర్చున్నారు.

(తెరపై: ఫోన్‌లో నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు.)

ఫోన్లలో నాలుగు అక్షరాల పర్సనాలిటీ టెస్టులు తిరుగుతున్నాయి. సరదాగా చేయండి. దాన్ని బట్టి కోర్సు మాత్రం ఎంచుకోకండి. అది మనుషులను మధ్యలో గీత గీసి అటో ఇటో తోసేస్తుంది. గీతకు దగ్గరగా ఉన్నవాళ్లు కొన్ని వారాల తర్వాత మళ్లీ చేస్తే వేరే అక్షరాలు రావచ్చు. ఇంకొక మాట. 1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి చూశారు. కలుపుగోలుతనం అమ్మకాల్లో, మేనేజర్ పనుల్లో ఉపయోగపడింది. ఒప్పుకున్న పనిని శ్రద్ధగా పూర్తిచేసే గుణం మాత్రం వాళ్లు చూసిన అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనికొచ్చింది. మాట తక్కువ కాబట్టి పైకి రాలేనని బాధపడే పిల్లలకు నేను ఇదే చెబుతుంటాను.

(తెరపై: మోటార్ సైకిల్, పల్లె దారి.)

నా సంగతి చెబుతాను. నా మొదటి ఉద్యోగం ఒక ప్రైవేట్ ఫైనాన్స్ సంస్థలో కిస్తీలు వసూలు చేయడం. ఆదివారం సాయంత్రం అయ్యిందంటే కడుపులో టెన్షన్ మొదలయ్యేది. నాకు పని చేతకాదనే అనుకున్నాను, రెండేళ్లు అట్లాగే అనుకున్నాను. కానీ ఒక సంగతి ఉండేది. వసూలు అయ్యాక సంఘం ఆడవాళ్లు వడ్డీ ఎట్లా లెక్కేశారని అడిగేవాళ్లు. పలక మీద వేసి చూపించేవాణ్ణి. అరగంట ఎట్లా గడిచిందో తెలిసేది కాదు. "ఆలస్యం ఎందుకైంది?" అని పైఅధికారి తిట్టిన రోజులన్నీ అవే రోజులు. నాకు సరిపోయే పని ఏదో ఆ తిట్లే చెబుతున్నాయని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను.

అందుకే మిమ్మల్ని ఒకటి చేయమంటున్నాను. పది రోజులు, రాత్రి పడుకునే ముందు రెండు లైన్లు రాయండి. ఈ రోజు ఏ పనిలో టైమ్ తెలియలేదు? ఏ పని తేలికే అయినా అలసట తెప్పించింది? పొలం పని, షాపులో కూర్చోవడం, అక్క పిల్లలను చూసుకోవడం, అన్నీ లెక్కే. తర్వాత మీరు అనుకుంటున్న ఉద్యోగంలో ఉన్న ఒకరి దగ్గరికి వెళ్లండి. "జాబ్ బాగుందా అన్నా?" అని అడగకండి, బాగుందనే అంటారు. "నిన్న పొద్దున పది గంటలకు ఏం చేస్తున్నరు? మధ్యాహ్నం మూడింటికి?" అని అడగండి. వీలైతే ఒక రోజంతా పక్కన కూర్చోండి. మిర్యాలగూడ రైస్ మిల్లులోనైనా, జడ్చర్ల దగ్గర ఫార్మా కంపెనీలోనైనా, మండల ఆఫీసులోనైనా, తెలిసినవాళ్లు ఒక్కరుంటే ఇది అసాధ్యం కాదు.

ఇంట్లో అప్పు ఉంది, చెల్లె పెళ్లి ఉంది, ముందు జీతం కావాలి అంటారా? ముందు జీతమే చూసుకోండి. అది తలవంచుకోవాల్సిన విషయం కాదు. చేరాక, అదే ఆఫీసులో మీకు దగ్గరగా ఉండే పని ఏదో చూసి దాన్ని అడిగి తీసుకోండి. కౌంటర్ అంటే భయపడేవాళ్లు రికార్డ్ రూమ్ అడగవచ్చు.

(తెరపై: మళ్లీ టీ బండి, ఉదయం.)

ఆ తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. వాళ్ల మేనమామ మండల ఆఫీసులో పని చేస్తారట. ఒక రోజంతా ఆయన పక్కన కూర్చున్నాడు. "మూడింటికల్లా లేచి బయటికి పోవాలనిపించింది అన్నా. కానీ సర్టిఫికెట్ కోసం ఒక ముసలాయన వస్తే, ఆయన కాగితాలు నేనే చూసి సర్దిన. అది మంచిగనిపించింది" అన్నాడు. అది ఫైలు నచ్చడమా, ముసలాయనకు సాయం చేయడం నచ్చడమా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. వచ్చే మంగళవారం దేవరకొండ వైపు ఒక బీట్ ఆఫీసర్‌తో నడవడానికి వెళ్తున్నాడు. బూట్లు మాత్రం అరువు తెచ్చుకున్నాడట.